చేసే గ్రూపు పిల్ల

వట్లూరు,
డిసెంబరు 16, మంగళవారం.

అమ్మకి పద్మ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం. క్షేమం అంటే ఎవరికీ జ్వరాలు లేవు, గ్యాసు అయిపోలేదు, నా గొంతు ఇంకా పూర్తిగా పోలేదు. అక్కడ నువ్వూ, తమ్ముడూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. సింధనూరులో చలి బాగా ఉందని తమ్ముడు చెప్పాడు. మఫ్లరు కట్టుకుంటున్నావా? వినపడని చెవులకి చలి మాత్రం బాగానే తెలుస్తోందని రాశావు చూడు, అది చదివి మీ అల్లుడుగారు ఒక్కరే కూర్చుని నవ్వుకున్నారు.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. ఈ వీధి మొత్తానికి చేత్తో రాసిన ఉత్తరాలు వచ్చేది మీ ఒక్కరికేనండీ అని పోస్టుమాను వెక్కిరిస్తున్నాడు. మా అమ్మకి ఫోనులో వినపడదయ్యా అంటే, వీడియోలో చెయ్యి ఊపొచ్చు కదండీ అంటాడు. నువ్వు పిల్లల గోల విని విని చెవులు పోగొట్టుకున్నావు, నేను వాళ్ల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటున్నాను. టీచరు ఉద్యోగం మన ఇంటికి ఇలా కలిసొచ్చింది.

నువ్వు అడిగినవి నాలుగు సంగతులు. మొదటి మూడింటికీ వరసగా జవాబు రాస్తాను. నాలుగోది మా క్లాసులో హర్షిణి సంగతి. ఆ పిల్ల ఎలా ఉంది, నీ గ్రూపుల్లో దాన్ని ఎందులో వేశావు అని అడిగావు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించలేదు. దానికి జవాబు చివర రాస్తాను. ముందే రాస్తే మిగతావి రాసే ఓపిక ఉండదు.

అల్లుడుగారు ఇంకా తాడేపల్లిగూడెం వెళ్లివస్తున్నారా అన్నావు. వెళ్తున్నారు. ఆ ఎరువుల గోడౌనులో ఈయన తప్ప తాళంచెవి పట్టుకునే నాథుడు లేడట. పొద్దున్న ఆరున్నరకి క్యారేజీ పట్టుకుని స్టేషనుకి పోతారు, సాయంత్రం రైలు ఎప్పుడు వదిలితే అప్పుడు వస్తారు. వచ్చాక ఇద్దరం చెరో కుర్చీలో కూలబడి, కాఫీ ఎవరు పెడతారా అని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటాం. ఎక్కువసార్లు ఆయనే లేస్తారు.

సాయిదుర్గ ఇంటరు బాగానే చదువుతోంది. బాగానే అని అదే చెబుతోంది, నేను పుస్తకం తీసి చూసింది లేదు. ఊళ్లో పిల్లలందరి నోటుపుస్తకాలూ దిద్దుతాను, ఇంట్లో పిల్ల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుపోతాయి. నువ్వు కూడా మాకు ఇలాగే చేసేదానివి, కాబట్టి నన్ను తిట్టకు.

మూడోది గ్రూపుల సంగతి. మా కాలంలో గచ్చు మీద నలుగుర్ని ఒకచోట కూర్చోబెడితే అదే గ్రూపు, మీరు కొత్తగా చేసేదేమిటి అన్నావు. చెబుతాను, విసుక్కోకుండా చదువు.

జూన్‌లో ఏలూరులో మాకు మూడు రోజులు ట్రైనింగు వేశారు. పెద్ద హాలు, మూల ఒక కూలరు. ఆ కూలరు చప్పుడులో ఒకాయన మైకు పట్టుకుని పిల్లలు మూడు రకాలు అన్నాడు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేత్తో చేసి నేర్చుకునేవాళ్లు. ఏ పిల్ల ఏ రకమో ముందు కనిపెట్టాలి, ఆ ప్రకారం గ్రూపులు కట్టాలి, ఒకే పాఠానికి మూడు గ్రూపులకీ మూడు రకాల పనులు తయారుచెయ్యాలి. నాకు నిజంగానే ఉత్సాహం వచ్చిందమ్మా, అబద్ధం చెప్పకూడదు. ఇరవై రెండేళ్లుగా సుద్దముక్క పట్టుకుని అరుస్తున్నాను కదా, ఇన్నాళ్లకి ఎవరో నాకు పని నేర్పుతున్నారు అనుకున్నాను.

నాది తొమ్మిదో తరగతి జీవశాస్త్రం. నలభై రెండు మంది పిల్లలు, మూడు ఫాన్లు, అందులో ఒకటి తిరగదు. చేపల పెంపకం పాఠం ఒకటుంది. ఒకే చెరువులో మూడు రకాల చేపలు వేస్తారు, బొచ్చె పైన మేస్తుంది, శీలావతి మధ్యలో మేస్తుంది, మోసు అడుగున మేస్తుంది, ఒకదాని మేతకి ఇంకొకటి అడ్డం రాదు అని. పెదపాడు మండలంలో, కొల్లేరు పక్కన, చుట్టూ చేపల చెరువులున్న బడిలో ఈ పాఠం నేను చెప్పాలి, ఆ పిల్లలు నా దగ్గర వినాలి. సరే అని వారం రోజులు కూర్చుని తయారుచేశాను. చూసే గ్రూపుకి చార్టు, బొమ్మ చూసి చేపల్ని గుర్తుపట్టాలి. వినే గ్రూపు నేను చెప్పింది విని తిరిగి చెప్పాలి. చేసే గ్రూపుకి థర్మోకోలు, కత్తెర, రంగులు. చేపలు కత్తిరించి నీలం కాగితం మీద మూడు వరసల్లో అతికించాలి. థర్మోకోలు పొట్టు ఇల్లంతా ఎగురుతుంటే మీ అల్లుడుగారు ఒక్క మాట అనకుండా తుడిచారు.

ఆ పాఠం బాగానే నడిచింది. కానీ తరవాత ప్రతి పాఠానికీ అదే వరస అయిపోయింది. చేసే గ్రూపు కత్తిరిస్తుంది, అతికిస్తుంది, చార్టుకి బార్డరు గీస్తుంది, బెంచీలు జరుపుతుంది. చూసేవాళ్లు చూస్తారు, వినేవాళ్లు వింటారు. మూడు నెలలయ్యేసరికి ఆ పద్నాలుగు మందీ మిగతా ఇరవై ఎనిమిది మందికి సామాను తయారుచేసే పనివాళ్లయ్యారు. పుస్తకం తెరిచే టైము వాళ్లకి లేదు. మా లెక్కల టీచరు సుగ్రా, అదే, నువ్వు వచ్చినప్పుడు సేమ్యా వండి తెచ్చిందే, ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేం గ్రూపండీ మేడం, ఆ పక్కన క్లాసు జరుగుతోంది, ఈ పక్కన కార్ఖానా నడుస్తోంది" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను.

నవంబరులో మళ్లీ ట్రైనింగు. ఈసారి ఒకావిడ వచ్చింది. పిల్లల్ని అలా రకాలుగా విడదియ్యడానికి గట్టి ఆధారం ఏదీ లేదు, ప్రతి పిల్లకీ చూడ్డం, వినడం, చెయ్యడం మూడూ కావాలి, అందర్నీ కలిపి కూర్చోబెట్టండి అంది. నేను చెయ్యెత్తి, జూన్‌లో ఇలా చెప్పారండీ అన్నాను. "అది పాత మాడ్యూలండి" అంది. అయిదు నెలలకే పాతబడింది. నాకు కోపం కూడా రాలేదు, బస్సు తప్పిపోతుందేమోనని గడియారం చూసుకున్నాను.

ఇప్పుడు ఏడుగురేసి ఆరు గ్రూపులు కట్టాను. ఈ రోజు కత్తిరించినవాడు రేపు లేచి చెప్పాలి, చెప్పినవాడు ఎల్లుండి రాయాలి, అలా వంతులు తిరుగుతాయి. చరణ్‌తేజ అని చెరువులు లీజుకి తీసుకునే వాళ్లబ్బాయి ఉన్నాడు, వినే గ్రూపులో గడగడా అప్పజెప్పేవాడు. వాడి చేతికి కత్తెర ఇస్తే శీలావతి చేపకి తోక లేకుండా కత్తిరించి, అది నా పని కాదండి అని అలిగాడు. గోల మాత్రం మూడింతలయింది. హెడ్మాస్టరు యేసుదాసు గారు రోజుకి రెండుసార్లు కిటికీలోంచి చూసి వెళ్తున్నారు. నడిచేదేదో నడుస్తోంది. రోజు పూర్తయ్యేసరికి మాత్రం నా ఒంట్లో ఏమీ మిగలడం లేదు.

ఇక నాలుగోది రాయాలి.

దసరా సెలవులిచ్చే ముందు రోజు నువ్వు నాతో బడికి వచ్చావు. పిల్లలందరూ నీ చెవి దగ్గర అరిచి అలిసిపోతే, హర్షిణి మాత్రం నోటుపుస్తకం తీసి, మీ పేరేంటండి అని రాసి నీ ముందు పెట్టిందిట. సాయంత్రం బెల్లు కొట్టేదాకా వరండాలో ఇద్దరూ రాసుకుంటూ కూర్చున్నారు. ఆ కాగితాలు చింపి తెచ్చుకున్నావనీ, చలికి కొల్లేరు మీదికి వచ్చే పిట్టల గురించి ఆ పిల్ల రాసింది మరదలికి కూడా చదివి వినిపించావనీ రాశావు. చక్కగా ఆలోచించి రాసే పిల్ల, నీకు రాసే గ్రూపంటూ ఉంటే మొదటి పేరు దానిదే అయ్యుంటుంది అన్నావు.

అమ్మా, దాన్ని నేను చేసే గ్రూపులో వేశాను.

ఎలా వేశానో కూడా చెబుతాను. జూన్ ట్రైనింగు అయ్యాక ఒక్కో పిల్లకీ ఇరవై ప్రశ్నల ఫారం ఇచ్చారు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి నింపాలి. నలభై రెండు ఫారాలు. రేపు సాయంత్రం లోపల యాప్‌లో ఎక్కించకపోతే మెమో అన్నారు. ఆ రోజు నాకు రెండు ఖాళీ పీరియడ్లు కూడా లేవు. స్టాఫ్ రూములో కూర్చుని అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. పేరు, పక్కన తండ్రి పేరు, పక్కన తండ్రి చేసే పని. పొలం ఉన్నవాళ్ల పిల్లలు చూసే గ్రూపు, చెరువులు, కొట్లు ఉన్నవాళ్ల పిల్లలు వినే గ్రూపు, కూలి, కాపలా అని ఉన్న చోటల్లా చేసే గ్రూపు. అలా అని ముందు అనుకుని చెయ్యలేదు. నాలుగైదు ఫారాలు నింపాక చెయ్యి దానంతట అదే అలా నడిచింది. హర్షిణి తండ్రి బంగార్రాజు చెరువు కాపలా. గట్టు మీద పాకలో ఉంటారు. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఇరవై గడులూ నింపేశాను.

ఆగస్టులో తల్లిదండ్రుల మీటింగు పెట్టి అందరికీ కార్డులిచ్చాం. హర్షిణి కార్డు మీద, చేతులతో పని చేస్తూ నేర్చుకునే బిడ్డ అని నా చేత్తో రాశాను. కింద హెడ్మాస్టరు గారి స్టాంపు. బంగార్రాజుకి చదువు రాదు. ఆ కార్డు చదివి వినిపించింది ఆ పిల్లే.

అక్టోబరు ఆఖర్న పై నుంచి ఆఫీసరు నా క్లాసు చూడ్డానికి వచ్చారు. చేపల పాఠమే మళ్లీ చేయించాను. చరణ్‌తేజ లేచి, బొచ్చె పైన, శీలావతి మధ్యన, మోసు అడుగున అని చక్కగా అప్పజెప్పాడు. ఆయన మెచ్చుకుంటూ ఉండగా హర్షిణి చెయ్యెత్తింది.

"మా చెరువులో అలా ఉండవండి. తెల్లారగట్ట గాలాడక మూడూ పైకే వచ్చేస్తాయండి. అప్పుడు మా నాన్న ఏరియేటరు వేస్తాడండి."

నీళ్లలో గాలి తగ్గితే చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి, నీళ్లు చిలికే ఆ యంత్రం వేస్తే గాని కిందికి పోవు, అది నిజం. ఆ వారంలో నా క్లాసులో ఎవరైనా మాట్లాడిన తెలివైన మాట అదొక్కటే. కానీ ఆఫీసరు ముందు పాఠం ఎక్కడ పక్కదారి పడుతుందోనని నాకు భయం వేసింది. "నీది చేసే గ్రూపమ్మా, నువ్వు చెప్పక్కర్లేదు, చేసింది చూపించు చాలు" అన్నాను. అది థర్మోకోలు చేపలున్న అట్ట పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఆయన వెళ్లేదాకా అలాగే నిలబడింది.

గ్రూపులు నేను నవంబరులో మార్చాను. కార్డులు మార్చలేదు. ఆ ఆలోచనే రాలేదు నాకు. కొత్త గ్రూపులు కట్టి వారమైనా తిరగలేదు, డిసెంబరు రెండో తారీకు సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే బంగార్రాజు ప్లాస్టిక్ బకెట్టుతో వచ్చాడు. అందులో రెండు కొరమీనులు.

"మేడంగారండీ, మీ మేలు మర్చిపోనండి. మీరిచ్చిన కార్డు పట్టుకెళ్లి రొయ్యలు ఒలిచే షెడ్డులో మేస్త్రికి చూపించానండి. స్టాంపు కూడా ఉందిగా, చేతిపని పిల్లని స్కూలోళ్లే రాసిచ్చేరుగా, రేపట్నుంచి పంపెయ్ అన్నాడండి. పది తప్పినోళ్లే ఊళ్లో ఖాళీగా తిరుగుతున్నారు కదండీ. మీరు ముందే కనిపెట్టి చెప్పేరు. మాకు రెండేళ్లు కలిసొచ్చిందండి."

అతను నిజంగా దణ్ణం పెట్టాడమ్మా, వెటకారం కాదు. నేను సరే అండి అన్నాను. అంతే అన్నాను. దూరంగా బస్సు కనిపించింది. చేపలు కవరులో వేసి ఇచ్చాడు, తీసుకున్నాను. ఇంటికి వచ్చి పులుసు పెట్టాను. కార్తీకం వెళ్లాక మొదటిసారి చేప కదా అని సాయిదుర్గ రెండుసార్లు వడ్డించుకుంది. నేనూ తిన్నాను.

ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. పోయిన నెల స్టాఫ్ మీటింగులో వచ్చే ఏడు పదిలో తప్పేలా ఉన్న పిల్లల లిస్టు వేశారు. నా సబ్జెక్టులో పదకొండు పేర్లు ఎర్ర సిరాలో ఉన్నాయి, అందులో హర్షిణిది ఒకటి. కత్తెర పట్టుకుని కూర్చోబెట్టిన పిల్లకి మార్కులెక్కడి నుంచి వస్తాయి? బంగార్రాజు చేపలిచ్చిన రోజు బస్సులో కూర్చున్నాక నా మనసులో మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా, ఒక పేరు తగ్గింది, పది మిగిలారు అని. అప్పుడు కాస్త ఊపిరి తిరిగినట్టు కూడా అనిపించింది. నువ్వు కన్న కూతురు ఇలా తయారయింది.

తరవాత తొమ్మిది రోజులు ఏమీ చెయ్యలేదు. షెడ్డులో చిన్నపిల్లని పెట్టుకున్నారని ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అని సుగ్రా అడిగింది. చెయ్యొచ్చు. వాళ్లు నా కార్డు తీసి చూపిస్తారు. అందుకని అది కూడా వాయిదా వేశాను. గురువారం నీ ఉత్తరం వచ్చింది, హర్షిణి ఏ గ్రూపు అని.

శుక్రవారం బంగార్రాజుకి ఫోను చేశాను. పిల్లని బడికి పంపండి, నేను రాసింది తప్పు అన్నాను. అతను, "నోటిమాటకి మేస్త్రి వినడండి. అప్పుడు కాగితం మీద రాసిచ్చేరు కదండీ, ఇప్పుడు తప్పని కూడా కాగితం మీద రాసివ్వండి. నాకూ చూపించుకోడానికి ఉంటది" అన్నాడు. న్యాయమే కదా.

శనివారం యేసుదాసు గారి దగ్గరికి వెళ్లి స్టాంపు అడిగాను. ఆయన చెడ్డమనిషి కాదు, మే నెలలో రిటైరవుతున్నారు. "అది అప్‌లోడయిపోయిందండి. ఒక్కటి తప్పంటే నలభై రెండూ తప్పేనా అంటారు. ఎంక్వయిరీ వస్తే నేను సమాధానం చెప్పలేనమ్మా. మీరేం రాసుకుంటారో రాసుకోండి, స్టాంపు మాత్రం అడగొద్దు" అన్నారు. నేను బతిమాలలేదు. తెల్లకాగితం మీద రాసి, నా పేరు, హోదా పెట్టి సంతకం చేశాను. మీ అల్లుడుగారు చదివి, "ఇది ఎవరి చేతిలోనన్నా పడితే నీ ఉద్యోగానికి ఇబ్బంది అవుతుంది" అన్నారు. అవుతుంది అన్నాను. ఆయన లేచి, కవరు తెచ్చి ఇచ్చారు.

ఆదివారం పొద్దున్న సుగ్రా స్కూటీ మీద గట్టు దాకా తీసుకెళ్లింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పాక ముందు బంగార్రాజు మేత సంచులు కుడుతున్నాడు. హర్షిణి గిన్నెలు తోముతోంది. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి దాని వేళ్ల చివర తోలు లేచిపోయి ఉంది. రెండు వేళ్లకి గుడ్డ చుట్టుకుంది. కాగితం అతని చేతికిచ్చాను. అతను చూసి, "చదవవే" అని కూతురికి ఇచ్చాడు.

నేను రాసింది ఇది. "హర్షిణి గురించి ఆగస్టులో ఇచ్చిన కార్డులో నేను రాసింది తప్పు. ఆ పిల్లని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రిజిస్టరులో తండ్రి పని చెరువు కాపలా అని ఉంటే, అది చూసి, ఈ పిల్ల చేతిపనికే అనుకుని రాశాను. హర్షిణి బాగా చదవగలదు, రాయగలదు, సొంతంగా ఆలోచించగలదు. ఆ పిల్లని బడికి పంపమని వేడుకుంటున్నాను."

హర్షిణి నిలబడి చదివింది. రేడియోలో వార్తలు చదివినట్టు, ఎక్కడా తడుముకోలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు అన్నంతవరకూ చదివి, ఊపిరి కూడా తీసుకోకుండా, హర్షిణి బాగా చదవగలదు, రాయగలదు అన్న దగ్గరికి వెళ్లిపోయింది. మధ్యలో వాక్యం లేనట్టే చదివింది. రాసింది నేను కాకపోతే నాకూ తెలిసేది కాదు. సుగ్రా కూడా ఆ కాగితం అంతకుముందే చదివింది, తల దించుకుని స్కూటీ తాళం చూస్తూ నిలబడింది.

"అంతేనా?" అన్నాడు బంగార్రాజు.

"అంతే నాన్నా" అంది.

అతను కాగితం తీసుకుని మడిచి, రేషను కార్డు పెట్టుకునే కవరులో దాచాడు. మేస్త్రికి ఫోటో తీయించి చూపిస్తానన్నాడు. "పెద్దోళ్లకి కూడా పొరపాట్లు వస్తాయండి, మీరు ఇంత దూరం వచ్చేరు, అది చాలండి" అన్నాడు. టీ తాగి వెళ్లమన్నాడు. తాగాం.

నిన్న సోమవారం హర్షిణి బడికి వచ్చింది. ప్రార్థన అయ్యాక వరండాలో ఆపి, ఆ వాక్యం ఎందుకు వదిలేశావమ్మా అని అడిగాను. కింద చూస్తూ నిలబడింది.

"మా నాన్న పని గురించి కదండీ. వింటే ఆయన మనసులో పెట్టేసుకుంటాడండి" అంది. తరవాత నా మొహంలోకి చూసి, "అయినా అది మా నాన్నకి చెప్పాల్సింది కాదు కదండీ మేడం. నాకు చెప్పాల్సింది. నేను చదివేసుకున్నాను" అంది.

బెల్లు కొట్టారు, అది లోపలికి వెళ్లిపోయింది. తప్పయిపోయింది అని వాళ్ల నాన్నకి కాగితం రాసిచ్చాను కానీ, ఆ పిల్లతో నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదమ్మా. ఈ రోజు కూడా మూడుసార్లు దాని బెంచీ దగ్గరికి వెళ్లి, పుస్తకం చూసినట్టు చూసి వచ్చేశాను. పక్కకి పిలిచి చెప్పాలా, ఆ రోజు అందరి ముందూ నోరు మూయించాను కాబట్టి అందరి ముందే చెప్పాలా, నాకు తేలడం లేదు. నువ్వు ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పావు. ఎప్పుడన్నా ఇంత చిన్నపిల్లని క్షమాపణ అడిగావా? అడిగి ఉంటే ఏమని అడిగావో, వెంటనే రాయి.

తమ్ముణ్నీ మరదల్నీ అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
పద్మప్రియ.